ప్రాజెక్టుకు జతచేయబడింది

పోయిన వారం మీరు నన్ను మా బాబాయి ఇంటి గుమ్మంలో వదిలి వెళ్ళారు. చెప్పులు విప్పి లోపలికి వెళ్ళాలో, వచ్చిన దారినే పారిపోవాలో తేల్చుకోలేక నిలబడి ఉన్నాను. అక్కడిదాకా ఎలా వచ్చానో రెండు ముక్కల్లో చెప్పి ముందుకు వెళతాను.

మా సంస్థ మందుల గిడ్డంగి నడుపుతుంది. చుట్టుపక్కల ఆసుపత్రులకు ఇన్సులిన్, టీకాలు, చల్లగా ఉంచాల్సిన మందులన్నీ ఇక్కడి నుంచే వెళతాయి. అవి ఉండే చల్లగదికి మా బాబాయి స్టోర్‌కీపర్. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఆ తాళాల గుత్తి ఆయన నడుమునే ఉంది. ఆదివారం ఆ గది యంత్రం ఆగిపోయింది. సోమవారం ఉదయం తలుపు తీస్తే లోపల ఇరవై నాలుగు డిగ్రీలు. మందులన్నీ పారబోయడానికి తప్ప ఎందుకూ పనికిరాకుండా పోయాయి. ఆ మధ్యాహ్నమే బాబాయి దగ్గర తాళాలు తీసుకుని ఇంటికి పంపేశారు. నిర్లక్ష్యం అన్నారు. గురువారం విచారణ అన్నారు. ఆయన రిటైర్మెంటుకు ఇంకా నలభై రోజులే ఉన్నాయి.

నేను అదే సంస్థ కంప్యూటర్ విభాగంలో ప్రాజెక్టులు చూస్తాను. విచారణలో రికార్డులు చదివి వినిపించే పని నాకే అప్పగించారు. ఆ మాట విని బాబాయి ఫోన్ చేశాడు. "అమ్మడూ, ఇంక నాకేం భయం? గది వేడెక్కితే ఫోనుకు రావాల్సిన మెసేజ్ రావట్లేదని నేను ఎప్పుడో కంప్లయింట్ పెట్టాను. అంతా నీ కంప్యూటర్‌లోనే ఉంటుంది. నువ్వు ఉన్నదున్నట్టు చదివితే చాలు" అన్నాడు.

ఆయనకు తెలియంది ఒకటే. ఆ కంప్లయింట్‌ను పక్కన పెట్టింది నేనే.

ఎలా పక్కన పెట్టానో చెప్పకుండా దాటేద్దామని ఇన్ని వారాలుగా చూస్తూ వచ్చాను. ఇంక కుదరదు కాబట్టి సిగ్గు విడిచి చెబుతున్నాను. మా సంస్థలో ఎవరి కంప్యూటర్ మొరాయించినా, ఎవరి ప్రింటర్ కాగితం నమిలినా సర్వీస్ డెస్క్‌లో టికెట్ పెట్టాలి. పెట్టిన క్షణం నుంచి దాని పక్కన గడియారం తిరుగుతుంది. రెండు రోజుల్లో పని కాకపోతే టికెట్ ఎర్రబడుతుంది. మేము నెలల తరబడి చేసే పెద్ద పనులు, అంటే ప్రాజెక్టులు, కూడా అదే డెస్క్‌లో ఉంటాయి. ఫలానా ప్రాజెక్టు పూర్తయితే ఈ సమస్య ఎలాగూ తీరిపోతుందనుకుంటే టికెట్‌ను ఆ ప్రాజెక్టుకు జతచేయవచ్చు. జతచేయగానే గడియారం ఆగిపోతుంది, ఎరుపు పోతుంది. ఎవరో మంచి మనసుతో పెట్టిన సౌకర్యం అది. పోయి పోయి నా చేతికి చిక్కింది.

ప్రతి సోమవారం సమావేశం గదిలో గోడంత తెర మీద అందరి ప్రాజెక్టులూ వేస్తారు. ఒకరిది పసుపు, ఒకరిది ఎరుపు. నాది మాత్రం ఎప్పుడు చూసినా పచ్చ. మావాళ్ళు నాకు పచ్చజెండా అని పేరు పెట్టారు. పైకి విసుక్కునేదాన్ని గానీ లోలోపల మురిసిపోయేదాన్ని. ఆ పచ్చదనం కాపాడుకోవడానికి ప్రతి శుక్రవారం నాలుగింటికి కూర్చుని, నా ప్రాజెక్టు తాలూకు టికెట్లన్నిటికీ వరుసగా టిక్కులు పెట్టి, ఒక్క నొక్కుతో జతచేసేసేదాన్ని. చదివేదాన్ని కాదు. మొదటి వారం రెండే. తర్వాత చెయ్యి అలవాటు పడింది. ఇప్పటికి ముప్ఫై ఒకటి అయ్యాయి.

ఇంతకీ ఆ ప్రాజెక్టు ఏమిటంటే, గిడ్డంగిలో చేతిరాతను ఎత్తేసి అన్నీ కంప్యూటర్‌కు మార్చడం. అంతకుముందు చల్లగది తలుపు పక్కన మేకుకు ఒక నోటుపుస్తకం వేలాడేది. దానికి తెల్లదారంతో కట్టిన పెన్ను. బాబాయి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, ఆదివారాలు కూడా బస్సెక్కి వచ్చి థర్మామీటర్ చూసి అందులో రాసేవాడు. నేను వెళ్ళి ఆ పుస్తకాన్ని మేకు మీంచి తీసేశాను. ఇకపై గది వేడెక్కితే ఫోనుకు మెసేజ్ వస్తుంది, సెలవు రోజుల్లో ఎవరూ రానక్కర్లేదు అని తలుపుకు కాగితం అంటించాను.

"పెన్ను కూడా ఇచ్చేయాలాండీ?" అని అడిగాడు బాబాయి. ఆఫీసులో ఆయన నన్ను మీరు అనే అంటాడు. నేను ఉద్యోగంలో చేరిన రోజే, చుట్టరికం గేటు బయట వదిలి రావాలని ఇద్దరికీ కలిపి ఆయనే రూలు పెట్టాడు.

"ఉంచుకోండి, మ్యూజియంలో పెడుదురుగాని" అన్నాను. నా మాటకు నేనే నవ్వుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

*

సరే, బుధవారం సాయంత్రం చెప్పులు విప్పాను. లోపలికి వెళ్ళాను.

బాబాయి ముందుగదిలో బల్ల మీద దుప్పటి పరిచి, మర్నాటికి చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. కాలర్ దగ్గర రెండుసార్లు నీళ్ళు చల్లి మరీ రుద్దుతున్నాడు. పిన్ని సోఫా అంచున కూర్చుని ఆయన్నే చూస్తోంది. రెండు రోజుల్లో పిన్ని బాగా వడిలిపోయింది.

"చూడవే, పెళ్ళికొడుకులా తయారవుతున్నాడు. ఏమన్నా అంటే మా అమ్మడు ఉంది కదా అంటాడు" అంది పిన్ని.

"ఉంది కాబట్టే అంటున్నా" అన్నాడు బాబాయి ఇస్త్రీపెట్టె ఎత్తకుండానే. "నీకో సంగతి చెప్పలేదు అమ్మడూ. నేను మొదటి టికెట్ పెట్టానా, ఆ శుక్రవారమే జవాబొచ్చింది. మీ అభ్యర్థన ప్రాజెక్టుకు జతచేయబడింది అని. ఏ ప్రాజెక్టో, ఎవరిదో రాయలేదు. నేనేమో చిన్న కంప్లయింటే కదా, ఎవరు పట్టించుకుంటారులే అనుకున్నా. దాన్ని తీసుకెళ్ళి ఏకంగా ప్రాజెక్టులో కలిపారంటే ఎవరో పెద్దవాళ్ళ కంట్లో పడిందన్నమాటేగా?"

"ఆ రోజు టీలో రెండు చెంచాల చక్కెర వేయించుకున్నాడు" అంది పిన్ని. "డాక్టరు వద్దన్నాడయ్యా అంటే, నా టికెట్‌కి ప్రమోషన్ వచ్చింది, ఈ ఒక్క రోజుకీ వెయ్యవే అన్నాడు."

ఇద్దరూ నవ్వారు. సోమవారం తర్వాత ఆ ఇంట్లో నవ్వు వినబడటం అదే మొదటిసారి అయ్యుంటుంది. ఆ జవాబు ఏ పెద్దమనిషీ రాసింది కాదు. నేను నొక్కు నొక్కగానే ముప్ఫై ఒక్క టికెట్లకూ ఒకేలా వెళ్ళే అచ్చు వాక్యం. దానికి ఈయన చక్కెర వేయించుకుని పండగ చేసుకున్నాడు.

"మరి నాకు ఒక్క ఫోన్ చేయొచ్చుగా బాబాయ్?" అన్నాను. గొంతులో ఎక్కడో చిన్న కోపం కూడా ఉంది. తప్పు చేసినవాళ్ళకే ముందు కోపం వస్తుందని నాకు ఆ రోజే తెలిసింది.

"ఇంట్లో మనిషివి కదా అని నీ చేత పని చేయించుకుంటే, లైన్లో ఉన్న మిగతావాళ్ళు ఏమైపోవాలి? టికెట్ అంటే టికెట్టే." చొక్కా మడత తిప్పాడు. "అయినా చూసేవాళ్ళు చూస్తార్లే అనుకున్నా."

చెప్పేద్దామని నోరు తెరిచాను. బాబాయ్, ఆ చూసేవాళ్ళు నేనే, నేను చూడలేదు, అని మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"కాసిని మంచినీళ్ళు ఇవ్వు పిన్నీ" అన్నాను.

నీళ్ళు తాగి వచ్చేశాను. నాన్న పోయిన తర్వాత నేను పెరిగింది ఆ ఇంట్లోనే. బడి వదిలాక గిడ్డంగికి వెళ్ళి, చల్లగది బయట స్టూలు మీద, బాబాయి ఊలు కోటులో మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని హోంవర్క్ చేసుకునేదాన్ని. పాదరసం ఎక్కడిదాకా వచ్చిందో చూసి అంకె చెప్పడం నాకు ఎక్కాలకంటే ముందే వచ్చు. అలాంటి ఇంట్లోంచి ఆ రోజు దొంగలా చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగాను.

*

గురువారం ఎనిమిదింటికే ఆఫీసులో ఉన్నాను. బాబాయి పెట్టిన టికెట్లు తెరిచి మొదటిసారి చదివాను. అవును, మొదటిసారే.

మామూలుగా మావాళ్ళ టికెట్లు "ప్రింటర్ పోయింది, అర్జెంట్" అన్నట్టు ఉంటాయి. బాబాయివి ఉత్తరాలు.

"కంప్యూటర్ విభాగం వారికి నమస్కారములు. కొత్త పద్ధతి వచ్చిన నాటి నుండి చల్లగది వేడెక్కినప్పుడు నా ఫోనుకు రావలసిన మెసేజ్ రావడం లేదు. అనుమానం తీర్చుకొనుటకు సెన్సర్‌ను గోరువెచ్చని నీళ్ళ గ్లాసులో పావుగంట ఉంచి చూశాను. ఫోను మోగలేదు. వీలు చూసుకుని బాగుచేయగలరు. ఇట్లు, స్టోర్‌కీపర్."

పదిరోజుల తర్వాత రెండోది. "నా టికెట్‌ను ప్రాజెక్టుకు జతచేసినందుకు కృతజ్ఞతలు. మెసేజ్ మాత్రం ఇంకా రావడం లేదు. తొందర లేదని అనలేను, ఎండలు ముదురుతున్నవి." మూడోది చిన్నది. "ఇది మూడవసారి. విసిగిస్తున్నందుకు క్షమించగలరు."

నాలుగోది ఇది.

"మెసేజ్ సంగతి తేలేవరకు ఆదివారములు నేనే వచ్చి థర్మామీటర్ చూసి వెళ్ళదలచితిని. సెలవు రోజున గేటు తీయవలెనంటే కంప్యూటర్‌లో అనుమతి ఉండాలని గార్డు చెప్పుచున్నాడు. దయచేసి అనుమతి ఇప్పించగలరు. పది నిమిషములు చాలును."

దాని కింద కూడా నా అచ్చు వాక్యం. మీ అభ్యర్థన ప్రాజెక్టుకు జతచేయబడింది. ఓపికకు ధన్యవాదాలు. తేదీ, శుక్రవారం. సమయం, నాలుగూ ఏడు. ఆ తర్వాత రెండు రోజులకే, ఆదివారం నాడు, యంత్రం ఆగింది.

అప్పుడే మా మేనేజర్ వచ్చారు. ఎన్నడూ గొంతు పెంచరు కాబట్టి ఆయన్ని మేమంతా మెత్తసారు అంటాం. చేతిలో నాలుగైదు కాగితాలున్నాయి.

"మీకెందుకమ్మా శ్రమ అని రిపోర్టు నేనే తీయించాను. ఇదే చదవండి" అన్నారు.

చూశాను. మూడు టికెట్లు ఉన్నాయి. నాలుగోది లేదు. ఎవరు, ఎప్పుడు, ఏం చేశారో చూపించే చరిత్ర గడి మొత్తం తీసేసి ఉంది.

"ఒకటి తగ్గింది సార్."

"అది గేటు అనుమతి గురించి కదమ్మా. చల్లగది గురించి కాదు. వాళ్ళు అడిగింది చల్లగది టికెట్లు." పక్క కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "మనం అబద్ధం ఏమీ చెప్పట్లేదు. కంప్లయింట్లు వచ్చాయి, ప్రాజెక్టులో ఉన్నాయి, పని జరుగుతోంది. పాపం పెద్దాయన, ఎలాగూ నలభై రోజుల్లో ఇంటికి వెళ్ళేవాడే. మీకు ముందు బోలెడంత సర్వీసుంది."

ఆయనకు మా చుట్టరికం తెలియదు. చుట్టరికాన్ని గేటు బయట వదిలి వచ్చినందుకు దక్కిన ఫలితం అది. నా బాబాయి గురించి నాతోనే పాపం పెద్దాయన అంటున్నారు, నేను తలూపుతున్నాను. మీరు చదివింది సరిగ్గానే చదివారు, తలూపాను. కాగితాలు తీసుకుని ఫైలులో పెట్టుకున్నాను. ఆ క్షణంలో నాకు బాబాయి గుర్తుకు రాలేదు. సోమవారం తెర మీద నా పేరు పక్కన ఎరుపు ఎలా ఉంటుందో, అదే కళ్ళ ముందు కనబడింది.

*

విచారణ పెట్టింది మా సోమవారం సమావేశాలు జరిగే గదిలోనే. గోడ మీద పెద్ద తెర ఆపేసి ఉంది. బల్లకు అటువైపు మా సంస్థ పెద్దసారు, బయటి నుంచి వచ్చిన తనిఖీ అధికారిణి. పెద్దసారు ముందు లక్క ముద్ర వేసిన కవరు ఒకటి ఉంది. దాని ఆకారం చూస్తేనే తెలుస్తోంది, లోపల ఉన్నవి తాళాలని. ఇటువైపు మెత్తసారు, నేను. నా ముందు ఫైలు, మూసి పెట్టిన లాప్‌టాప్.

బాబాయి లోపలికి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, దువ్విన తల. నడుస్తుంటే గలగలమనే చప్పుడు లేదు. కూర్చోబోతూ అలవాటుగా నడుము తడుముకుని, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"నమస్కారమండీ. నమస్కారం మేడమ్ గారూ" అన్నాడు. రెండోది నాకు.

అధికారిణి చదవమన్నారు. చదివాను. ఒకటి, రెండు, మూడు. బాబాయి ఒక్కో వాక్యానికీ తలాడిస్తూ విన్నాడు, పాఠం బాగా అప్పజెబుతున్న పిల్లను చూసినట్టు. మూడోది అయిపోయాక ఫైలు మూశాను. ఆయన ఇంకా నా వైపే చూస్తున్నాడు, తర్వాతది చదువుతానని.

"మెసేజ్ రావడం లేదని మీకు స్పష్టంగా తెలుసు" అన్నారు అధికారిణి. మాట మాటకీ పెన్ను మూత పెట్టి తీయడం ఆవిడ అలవాటు. "అన్నీ తెలిసి కూడా ఆదివారం ఒక్కసారి వచ్చి చూడాలని ఎందుకు అనిపించలేదు?"

"అదేనండీ, ఇంకో..." అని బాబాయి మొదలుపెట్టి నా ఫైలు వైపు చూశాడు.

"రికార్డులో ఉన్నవి ఇంతేనండీ" అన్నారు మెత్తసారు, ఆయన మాట పూర్తి కాకుండానే.

అధికారిణి కాగితాలు తన వైపు లాక్కున్నారు. "మూడూ ప్రాజెక్టుకు జతచేశారు. జతచేసి ఏం చేశారు? ఎవరిదీ ప్రాజెక్టు?"

"టీమ్‌దండీ. అందరిదీ" అన్నారు మెత్తసారు.

"పేరేంటి?"

మెత్తసారు ప్రాజెక్టు పేరు చెప్పారు. బాబాయి తల ఎత్తాడు. ఆ పేరు ఆయనకు కొత్త కాదు. నాకు ఆ ప్రాజెక్టు ఇచ్చిన రోజున నేనే వాళ్ళింటికి పరిగెత్తుకుని వెళ్ళి, పిన్నికీ ఆయనకూ మూడుసార్లు చెప్పాను. పిన్ని ఆ పేరును కాగితం మీద రాయించుకుని ఫ్రిజ్ తలుపుకు అంటించింది. ఇప్పటికీ అక్కడే ఉంది.

ఆయన నన్ను చూశాడు. నేను బల్ల చూశాను. బల్ల మీద ఎవరో ఎప్పుడో పెట్టిన టీ కప్పు గుండ్రటి మరక ఉంది. ఆ మరకను చూస్తూ కూర్చున్నానే తప్ప తల ఎత్తలేకపోయాను. చూడాల్సింది ఆయన చూసేశాడని మాత్రం తెలిసింది. చిన్నప్పుడు మార్కుల కాగితం దాచినప్పుడు కూడా ఇంతే, ఆయన ఏమీ అడిగేవాడు కాదు.

"అమ్మా" అన్నాడు బాబాయి, అధికారిణితో. గొంతు మామూలుగానే ఉంది. "ఇందులో కంప్యూటర్ వాళ్ళ తప్పేం లేదండీ. నేను ఆదివారం రావాల్సింది. బద్ధకించాను. పెద్దవాణ్ణయ్యాను కదా, ఆదివారం కాస్త నడుం వాల్చానండీ. తప్పు నాదే."

మెత్తసారు ఊపిరి వదలడం నాకు పక్కనుంచి వినబడింది.

ఇరవై తొమ్మిదేళ్ళలో ఒక్క ఆదివారం కూడా నడుం వాల్చని మనిషి ఆయన. పిన్నితో ఆ విషయంలో ఎన్ని గొడవలు పడ్డాడో నాకు తెలుసు. బద్ధకం అనే మాట ఆయన నోట్లో ఎలా ఇమిడిందో నాకు అర్థం కాలేదు. నా కోసం ఇమిడింది. నేను నోరు మూసుకుని కూర్చున్నాను కాబట్టి ఇమిడింది. ఇంకా మూసుకునే కూర్చున్నాను. దీన్ని నేను ఎవరి మీదా తోయలేను.

అధికారిణి రెండు వాక్యాలు రాసి కాగితం ఆయన వైపు తిప్పారు. "ఇది మీ మాట అని సంతకం పెట్టండి."

బాబాయి జేబులోంచి పెన్ను తీశాడు. చవక నీలం పెన్ను. దాని తోకకు జానెడు తెల్లదారం ఇంకా వేలాడుతోంది. మేకు దగ్గర తెంపిన చోట దారం కొస విచ్చుకుని ఉంది. ఆ దారం సంతకం గీత మీద పడకుండా వేలికి చుట్టుకుని, కాగితం మీదికి వంగాడు.

"ఆగండి" అన్నాను.

అరిచానేమో. పెద్దసారు ఉలిక్కిపడ్డారు. మెత్తసారు బల్ల కింద నా మోచేతిని తాకారు. నేను లాప్‌టాప్ తెరిచాను. పాస్‌వర్డ్ రెండుసార్లు తప్పు కొట్టాను. మూడోసారి తెరుచుకుంది. నాలుగో టికెట్ తీసి, మొదటి మాట దగ్గర నుంచి పది నిమిషములు చాలును దాకా పైకి చదివాను.

"ఈయన ఆదివారం వస్తానన్నారు. రానివ్వనిది మేము" అన్నాను. "మేము కాదు. నేను. నాలుగు టికెట్లూ జతచేసింది నేను. ఆ ప్రాజెక్టు నాది."

"చదివే జతచేశారా?"

అన్నిటికంటే ఈ ప్రశ్నకే భయపడ్డాను. చదివి తప్పు నిర్ణయం తీసుకున్నానని చెప్పుకున్నా కాస్త మర్యాదగా ఉండేది.

"లేదండీ. ఇవాళ పొద్దున చదివాను."

"అంతకుముందు?"

"ప్రతి శుక్రవారం అన్నిటికీ కలిపి టిక్కు పెట్టేదాన్ని. సోమవారానికి నా ప్రాజెక్టు పచ్చగా కనబడాలని."

గట్టిగా చెబితే అది ఎంత చిన్న కారణమో నాకే వినబడింది. బాబాయి వైపు చూశాను. ఆయన నన్ను చూడటం లేదు. పెన్ను చుట్టూ దారాన్ని నెమ్మదిగా చుడుతున్నాడు. తిట్టినా బాగుండేది.

"ఈవిడకు నేను బాబాయినండీ" అన్నాడు చివరికి, ఎవరికో క్షమాపణ చెబుతున్నట్టు. "ఆ సంగతి కూడా రాసుకోండి. తర్వాత దాచామనుకుంటారు." మెత్తసారు నా మోచేతి మీద నుంచి చెయ్యి తీసేశారు.

అధికారిణి పెన్ను మూత పెట్టి, ఈసారి తీయలేదు. "ఇలా మొత్తం ఎన్ని జతచేశారు?"

"ముప్ఫై ఒకటండీ."

"నాలుగు ఇవి. మిగతా ఇరవై ఏడు దేని గురించి?"

తెలియదని చెప్పడానికి కూడా సిగ్గేసింది.

"తెలియకపోతే ఇప్పుడే చదవండి" అన్నారావిడ.

చదవడం మొదలుపెట్టాను. గోదాములో బార్‌కోడ్ యంత్రం రెండుసార్లు కొడితే గానీ పలకడం లేదు. జాబితాలో ఒక మందు పేరు తప్పుగా పడుతోంది. లారీ డ్రైవర్ ఫోనులో చిరునామాలు కనబడటం లేదు. ఒకావిడ నా టికెట్ ఏమైంది అని అడగడానికే ఇంకో టికెట్ పెట్టింది. ఒక్కో దాని కింద అదే అచ్చు వాక్యం, ఓపికకు ధన్యవాదాలు. పదకొండు, పన్నెండు, పదమూడు. నా గొంతు నాకే పరాయిగా వినబడుతోంది.

పద్నాలుగోది వెనక భవనం నుంచి వచ్చింది. అక్కడ టీకాల కోసం చిన్న చల్లగది ఒకటి ఉంది. దాన్ని చూసే అమ్మాయి కాన్పు సెలవు మీద వెళుతూ, వెళ్ళే రోజున పెట్టిన టికెట్ అది. "మా గదికి కూడా మెసేజ్‌లు రావడం లేదు. యంత్రం నడుమ నడుమ ఆగుతోంది. నేను లేనప్పుడు ఎవరైనా కనిపెట్టి ఉండగలరు."

చదవడం ఆపేశాను. పెద్దసారు మొహంలో రంగు పోయింది.

"సార్" అన్నాడు బాబాయి. అప్పటిదాకా ఒదిగి కూర్చున్న మనిషి నిటారుగా అయ్యాడు. "సోమవారం పోయిన సరుకుకు బదులు, ఆసుపత్రుల కోసం కొత్త సరుకు తెప్పించారట కదా. ఎక్కడ పెట్టారు?"

పెద్దసారు కవరు మీద చెయ్యి వేశారు. "వెనక భవనంలో" అన్నారు. "నిన్న సాయంత్రం పెట్టించి తాళం వేయించి, గుత్తిని ఈ కవరులో పెట్టించాను."

"ఇవాళ ఎవరైనా తలుపు తీసి చూశారా?"

పెద్దసారు తల అడ్డంగా ఊపారు. ఆ తలుపు తాళం కూడా ఆ గుత్తిలోనే ఉంటుంది. గుత్తి ముద్ర వేసిన కవరులో ఉంది. గోడ గడియారంలో పన్నెండు కావస్తోంది. కిటికీ బయట ఎండ తెల్లగా కాస్తోంది.

బాబాయి లేచి నిలబడ్డాడు. సంతకం పెట్టని కాగితాన్ని పక్కకు జరిపి, పెన్ను జేబులో పెట్టుకుని, కవరు కోసం చెయ్యి చాచాడు.

"తాళాలు ఇటివ్వండి సార్."

"విచారణ పూర్తి కాకుండా మీ చేతికి ఇవ్వడం..." అన్నారు మెత్తసారు మెత్తగా.

బాబాయి ఆయన్ని పట్టించుకోలేదు. నా వైపు తిరిగాడు. ఆ కళ్ళలో కోపం ఉందో, జాలి ఉందో వెతుక్కునే ధైర్యం నాకు లేదు.

"అమ్మడూ, నా కోటు తీసుకురా. చల్లగది దగ్గర మేకుకే ఉంటుంది" అన్నాడు.

ఆఫీసులో ఆయన నన్ను అలా పిలవడం అదే మొదటిసారి. ఆ పిలుపుకు నేను తగనని తెలిసీ లేచాను, తలుపు దాకా వెళ్ళి వెనక్కి చూశాను. బాబాయి చెయ్యి చాచే ఉంది. కవరు మీద పెద్దసారు చెయ్యి ఇంకా అలాగే ఉంది.